మంచులో కాళ్లు

అలాస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్‌లో ఉంటున్నామంటే, ఆ చలి ఎలా తట్టుకుంటారని మనవాళ్లు అడుగుతారు. మాకేం, ఇంట్లో హీటర్ ఉంది, ఒంటి మీద నాలుగు పొరల బట్టలున్నాయి. అడగాల్సింది రెయిన్‌డీర్ల గురించి. మైనస్ 40కి దిగిన రోజున కూడా యూనివర్సిటీ జంతు పరిశోధనా కేంద్రం కంచె అవతల అవి మంచులోనే నిలబడి ఉంటాయి. అడవిలో తిరిగే కారిబూలూ ఇదే జాతి.

వాటి బొచ్చు గొప్పదే. ఒక్కో వెంట్రుక లోపల గాలి నిండిన అరలుంటాయి. పక్క దొడ్లోని మస్క్ ఆక్స్‌కైతే పొడవాటి జూలు కింద కివియట్ అనే మెత్తటి ఉన్ని ఉంటుంది. వసంతంలో ఊడే ఆ ఉన్నిని దువ్వి తీసి ఇక్కడ స్కార్ఫులు అల్లుతారు. కానీ నా చూపు ఎప్పుడూ కాళ్ల మీదికే పోతుంది. అంత సన్నటి కాళ్లలోంచి ఒంట్లోని వేడంతా మంచులోకి జారిపోవాలి కదా!

పోదు. గిట్టల వైపు వెచ్చటి నెత్తురు దిగే ధమనులూ, చల్లబడిన నెత్తురు పైకెక్కే సిరలూ ఆనుకునే ఉంటాయి. దిగే నెత్తురు తన వేడిని ఎక్కే నెత్తురుకు దారిలోనే అప్పజెప్పేస్తుంది. ఒళ్లు 38 డిగ్రీల దగ్గర ఉంటే కాలి కింది భాగం 10 డిగ్రీల దాకా చల్లబడుతుంది. దీన్ని 1950లలో కొలిచి చూపిన లారెన్స్ ఇర్వింగ్, తర్వాత మా ఊళ్లోనే ఆర్కిటిక్ జీవశాస్త్ర సంస్థను స్థాపించారు.

మరి అంత చల్లబడిన కాలు బిగుసుకుపోదా? కాలి కిందికి వెళ్లేకొద్దీ కొవ్వు తీరే మారిపోతుంది. చలికాలం పొద్దున నెయ్యి పేరుకుపోయినా పక్క సీసాలో నువ్వుల నూనె కదులుతూనే ఉంటుంది చూడండి, ఆ రెండు రకాలూ ఒకే జంతువులో ఉన్నాయి. ఒంట్లోది గట్టిపడే కొవ్వు, గిట్టల దగ్గరిది మెత్తగా ఉండే కొవ్వు. ఈ సంగతి తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

ఆర్కిటిక్ నేల ఉడతది ఇంకో దారి. ఏడెనిమిది నెలలు బొరియలో ముడుచుకుని, వెచ్చదనాన్నే వదులుకుంటుంది. దాని ఒంటి వేడి మైనస్ 2.9 దాకా పడిపోతుందనీ, అయినా నెత్తురు గడ్డకట్టదనీ ఇక్కడి శాస్త్రవేత్త బ్రయాన్ బార్న్స్ 1989లో ప్రకటించారు. రెండు మూడు వారాలకోసారి వణికి వణికి ఒళ్లు వెచ్చబరుచుకుని, ఒక పూట అలా ఉండి, మళ్లీ చల్లబడుతుంది. ఆ కాసేపటికే దాచుకున్న కొవ్వు చాలానే ఖర్చయిపోతుంది.

ఉడతలా నిద్రపోని కారిబూకు మాత్రం, కాళ్లలో వేడిని ఎంత పొదుపు చేసినా, మంచు కింద మేత అందాలి. పొడి మంచును గిట్టలతో తవ్వి లైకెన్ అనే నాచులాంటి మేత తింటుంది. అందుకే నాకు చలికన్నా చలికాలపు వానంటేనే భయం. 2021 డిసెంబరు చివర్లో ఇక్కడ మంచు మీద వాన కురిసి, పలకలా గడ్డకట్టింది. రోడ్ల మీది ఐసును గోకడానికి మాకు యంత్రాలున్నాయి. అలాంటి పలక మేత మీద పరుచుకుంటే గిట్టలు దాన్ని పగలగొట్టలేవు. ఆర్కిటిక్ వేడెక్కేకొద్దీ ఇలాంటి వానలు పెరుగుతాయని శాస్త్రవేత్తలు హెచ్చరిస్తున్నారు.