కందెన

కందెన అన్న మాట నిఘంటువుల్లో ఇంకా ఉంది గాని మనుషుల నోళ్ళలో దాదాపు లేదు. ఎడ్లబండ్లతో పాటే అదీ వెళ్ళిపోయింది. ఇరుసుకీ చక్రానికీ నడుమ పూసే నల్లటి జిడ్డుకు అది పేరు. దాని చోటులో వచ్చిన గ్రీజు అన్న మాటకు ఆ వాసన లేదు, ఆ చరిత్రా లేదు. అయినా కొలరాడో కొండల్లో, సముద్రమట్టానికి సుమారు ఎనిమిది వేల అడుగుల ఎత్తున ఉన్న గ్రాన్బీ అనే చిన్న ఊళ్ళో, ఒక పాత డీజిల్ ట్రక్కు కింద వెల్లకిలా పడుకుని నేను చేసే పనికి కందెన పెట్టడమన్న పేరే తగునని నాకు తోస్తుంది. ఈ టపా ఆ పని గురించే.

ఇంత దూరం మేము రావడానికి కారణం మా ఆవిడ వృత్తి. జే-1 వీసా మీద ఇక్కడ రెసిడెన్సీ చేసిన విదేశీ వైద్యులు, చదువు ముగిశాక రెండేళ్ళు స్వదేశంలో ఉండి రావాలన్నది నియమం. వైద్యుల కొరత ఉన్న ప్రాంతంలో మూడేళ్ళు పనిచేస్తే ఆ నియమం నుంచి మినహాయింపు దొరుకుతుంది. 1994లో మొదలైన కాన్రాడ్ పథకం కింద ఒక్కో రాష్ట్రానికి ఏడాదికి ముప్ఫై మంది దాకా ఇలా కుదురుకుంటారు. అమెరికాలో పేరు తెలియని చిన్న ఊళ్ళలో తెలుగు డాక్టర్లు కనబడడానికి ఒక కారణం ఇదే. ఆమె మూడేళ్ళ గడువు ఎప్పుడో తీరిపోయింది. ఊరు వదలబుద్ధి కాక ఉండిపోయాము. ఆసుపత్రి వేరే ఊళ్ళో ఉంది. శీతకాలంలో రాత్రి రెండు గంటలకు ఫోను మోగితే, రోడ్డు మీద మంచు ఎంత ఉన్నా ఆమె బయలుదేరవలసిందే. పెద్ద వైద్యానికైతే డెన్వరు వైపు, 11,307 అడుగుల ఎత్తున్న బెర్తూడ్ కనుమ దాటి పోవాలి. నాలుగు చక్రాలకూ శక్తి అందే బండి ఇక్కడ విలాసం కాదు.

ఆ శక్తి ముందు చక్రాలకు ఎలా చేరుతుందో చూద్దాం. గేర్‌బాక్సు వెనుక ట్రాన్స్‌ఫర్ కేసు అని ఒక పెట్టె ఉంటుంది. అందులోంచి రెండు ఇనుప గొట్టాలు బయలుదేరుతాయి. ఒకటి వెనుక ఇరుసుకు, రెండవది ముందు ఇరుసుకు. ఈ గొట్టమే డ్రైవ్‌షాఫ్టు. మన వైపు ప్రొపెల్లర్ షాఫ్టు అంటారు. ట్రాన్స్‌ఫర్ కేసు చట్రానికి బిగించి ఉంటుంది. ఇరుసు మాత్రం గుంటలను బట్టి పైకీ కిందికీ ఊగుతుంది. ఒకటి కదలకుండా, మరొకటి ఊగుతూ ఉంటే వాటిని కలిపే గొట్టానికి రెండు చివర్లా కీళ్ళు ఉండక తప్పదు.

కీలు అన్న మాట మన శరీరానికీ యంత్రానికీ ఒకటే కావడం తెలుగు చేసిన మేలు. ఈ కీలు మధ్యలో కూడిక గుర్తు ఆకారంలో ఒక ఉక్కు ముక్క ఉంటుంది. విజయవాడ ఆటోనగర్‌లో అడిగినా దాన్ని క్రాసు అనే అంటారు. దాని నాలుగు చేతులకూ నాలుగు కప్పులు, ఒక్కో కప్పు లోపల సూదుల్లాంటి సన్నని బేరింగు కడ్డీలు వరుసగా పేర్చి ఉంటాయి. ఎదురెదురు చేతులు రెండింటిని ఒక పంగ, మిగిలిన రెండింటిని ఇంకో పంగ పట్టుకుంటాయి. ఆ పంగను ఇంగ్లీషులో యోక్ అంటారు, అంటే కాడి. ఎడ్లు లేకపోయినా కాడి మాత్రం ఎక్కడికీ పోలేదన్న మాట.

ఈ కీలును పదహారవ శతాబ్దపు ఇటలీ పండితుడు కార్డానో పేరుతోనూ, 1676లో దీనిని వర్ణించిన ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు రాబర్ట్ హుక్ పేరుతోనూ పిలుస్తారు. మోటారు బండికి పనికివచ్చే రూపంలో దీనికి 1903లో పేటెంటు పొందినవాడు క్లారెన్స్ స్పైసర్. అప్పటికి చాలా కార్లు సైకిలులాగా గొలుసుతో నడిచేవి. గొలుసు దుమ్ములో అరిగిపోయేది, రొద చేసేది. కార్నెల్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ స్పైసర్ ఆ గొలుసును తీసి షాఫ్టును పెట్టాడు.

హుక్ కీలుకు ఒక స్వభావం ఉంది. వంకరగా ఉన్నప్పుడు అది వేగాన్ని ఉన్నదున్నట్టు అందించదు. ఒక్కో చుట్టులో రెండుసార్లు తొందరపడుతుంది, రెండుసార్లు మందగిస్తుంది. 31 అంగుళాల టైరు, 3.73 నిష్పత్తి గల ఇరుసు ఉంటే, గంటకు 60 మైళ్ళ వేగంలో షాఫ్టు నిమిషానికి సుమారు 2400 చుట్లు తిరుగుతుంది. ఒకే కీలు 20 డిగ్రీల వంపులో ఉంటే, అటువైపు వేగం అదే నిమిషంలో వేలసార్లు 2255కూ 2554కూ నడుమ ఊగిసలాడుతుంది. బండి అంతా వణికిపోతుంది. అందుకని ట్రాన్స్‌ఫర్ కేసు దగ్గర రెండు కీళ్ళను వెన్నుకు వెన్ను ఆనించి పెడతారు. మొదటిది చేసిన తొందరను రెండవది సరిదిద్దుతుంది. అయితే అవి రెండూ వంపును సమానంగా పంచుకోవాలి. ఆ పంపకం చేసేది రెంటి నడుమ దాగి ఉన్న ఒక చిన్న ఉక్కు గుండు, దాన్ని పట్టుకునే గిన్నె.

నా మాటంతా ఆ గుండు గురించే. బండి కింద దూరినా అది కంటికి కనబడదు. కనబడనిది ఎండిపోతే ముందు పిట్ట కూత లాంటి చిన్న కిచకిచ వినబడుతుంది. తరువాత గిన్నె అరుగుతుంది, రెండు కీళ్ళూ తమ పంపకాన్ని మరిచిపోతాయి. ఒక రోజు మొత్తం విడిపోతుంది. ఒక కొస తెగిన షాఫ్టు, రెండో కొస ఇంకా తిరుగుతూ ఉండగా, గదలాగా చుట్టూ ఉన్నదాన్నల్లా బాదుతుంది. ట్రాన్స్‌ఫర్ కేసునైనా, గేర్‌బాక్సునైనా పగలగొట్టగలదు. పైగా మా బండిలో ముందు చక్రాలను ఇరుసు నుంచి విడదీసే ఏర్పాటు లేదు. కనుక రెండు చక్రాల నడకలో ఉన్నా ముందు షాఫ్టు ఊరికే తిరుగుతూనే ఉంటుంది. మంచు లేని జూలై నెలలోనూ దానికి విశ్రాంతి లేదు.

కిచకిచను ముందు విన్నది మా ఆవిడే. "ఏమండీ, ఎడమ పాదం కింద ఏదో పిట్ట కూస్తోంది, వేగం తగ్గినప్పుడే వినిపిస్తోంది," అంది. రోగి చెప్పే లక్షణాలు వినే అలవాటు వల్ల కాబోలు, ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ఎక్కువవుతోంది అన్నీ వరుసగా చెప్పింది. అంతకు నెల ముందే బండిని ఒక గ్యారేజీలో ఇచ్చి తెచ్చాము. రశీదులో గ్రీజు పెట్టినట్టు రాసి ఉంది. చూస్తే క్రాసుల మీద కొత్త గ్రీజు ఉంది, గుండు దగ్గర మాత్రం లేదు. అక్కడి నిప్పిల్ రెండు పంగల సందులో లోతుగా ఉంటుంది. మామూలు గ్రీజు గన్ను మూతి అక్కడికి చేరదు. సూది మూతి వేరే తగిలించుకోవాలి, షాఫ్టును ఒక కోణానికి తిప్పి ఆపుకోవాలి. గంటకు ఇంత అని లెక్కకట్టే చోట ఆ ఐదు నిమిషాలు ఎవరికీ దొరకలేదు.

పద్ధతి నాకు నేర్పినది పక్కనే పశువులను పెంచే ఒక పెద్దాయన. పొడిమాటల మనిషి. చెప్పిన వరుస ఇది. చదునైన నేల మీద బండి నిలపాలి. ట్రాన్స్‌ఫర్ కేసును రెండు చక్రాల స్థితిలోనే ఉంచాలి. న్యూట్రల్‌లో పెట్టామా, గేరు పార్క్‌లో ఉన్నా బండిని ఆపదు, దొర్లిపోతుంది. చేతి బ్రేకు వేసి, వెనుక చక్రాలకు ముందూ వెనుకా అడ్డుచెక్కలు పెట్టాలి. ముందు చక్రం ఒకటి జాకీతో లేపి, గట్టి స్టాండు మీద ఆనించాలి. ఒట్టి జాకీని నమ్మి కిందికి దూరరాదు. ఇప్పుడు షాఫ్టు చేతితో తిరుగుతుంది. నిప్పిల్‌ను గుడ్డతో శుభ్రంగా తుడవాలి, లేకపోతే దాని మీది ఇసుకనే లోపలికి ఎక్కించిన వాళ్ళమవుతాము. ఆపైన గన్నును మెల్లగా నొక్కుతూ పోవాలి. క్రాసుకు ఉన్న నాలుగు కప్పుల అంచుల నుంచీ పాత గ్రీజు బయటికి రావాలి. మూడింటి నుంచి వచ్చి నాలుగవ దాని నుంచి రాకపోతే అక్కడ దారి మూసుకుపోయిందని అర్థం. షాఫ్టును అటూ ఇటూ ఊపి మళ్ళీ ప్రయత్నించాలి. బయటికి వచ్చేది తుప్పురంగు పొడిలా ఉంటే ఆ కీలుకు కందెన కాదు, మార్పిడి కావాలి.

చివరిగా పొడవు సర్దుకునే చోటు. గొట్టంలో గొట్టం జారే ఆ పళ్ళ కూర్పుకు కొద్దిగా చాలు. అతిగా ఎక్కిస్తే లోపల గ్రీజే గోడలా అడ్డుపడి షాఫ్టును పొట్టి కానివ్వదు. గుంటలో ఇరుసు పైకి లేచినప్పుడు ఆ తోపు ట్రాన్స్‌ఫర్ కేసు మీద పడుతుంది. కందెనలోనూ మితం ఉందన్న మాట.

మా ఆవిడ ఒక షరతు పెట్టింది. సూది మూతిని వేళ్ళతో పట్టుకుని గన్ను నొక్కకూడదు. చేతి గన్ను కూడా చదరపు అంగుళానికి కొన్ని వేల పౌన్ల ఒత్తిడి పుట్టించగలదు. గ్రీజు చర్మంలోకి దూరితే పైకి కనబడేది సూదిపోటంత గాయమే. నొప్పి కూడా మొదట పెద్దగా ఉండదు. లోపల మాత్రం కండ చచ్చిపోతూ ఉంటుంది. వెంటనే శస్త్రచికిత్స చెయ్యకపోతే వేలు పోవచ్చు. "చిన్న గాయమని ఇంట్లో కూర్చునేవాళ్ళే ఎక్కువ నష్టపోతారు," అంటుంది.

ఇరుసు వైపు ఉన్న మూడవ కీలు సంగతి నాకు మరీ ఇష్టం. వంపు పనంతా పైన జంట కీలు చూసుకుంటుంది కాబట్టి, ఇది దాదాపు తిన్నగా ఉంటుంది. తిన్నగా ఉంటే సుఖమే కదా అనుకుంటాము. పూర్తిగా తిన్నగా ఉన్న కీలులో సూదులు దొర్లవు. ఉన్నచోటనే ఉండి క్రాసు చేతి మీద గీతలు గీతలుగా గుంటలు పెడతాయి. అందుకని ఒక డిగ్రీ వంపైనా ఉండేట్టు అమరుస్తారు. వంగడానికి పుట్టినది వంగకపోతే, అలసిపోయి కాదు, కదలక చెడిపోతుంది.

ఇక గన్నులో నింపే గ్రీజు. నేను వాడేది రెండవ నంబరు లిథియం గ్రీజు. గ్రీజు అంటే చిక్కటి నూనె కాదు. నూనెను పట్టి ఉంచే ఒక రకం సబ్బు. స్పంజిలో నీళ్ళలాగా ఆ సబ్బు అల్లికలో నూనె నిలిచి, కావలసినప్పుడు కావలసినంత వదులుతుంది. లిథియం గ్రీజుకు 1942లో అమెరికాలో క్లారెన్స్ ఎర్ల్ పేటెంటు పొందాడు. ఈ రోజు వాడే లిథియం గ్రీజుల్లో ఎక్కువ వాటికి ఆ సబ్బు దేని నుంచి వస్తుందో తెలుసా? హైడ్రోజను ఎక్కించి గట్టిపరచిన ఆముదం నుంచి. ఆముదంలో ఉండే ఆమ్లానికి ఉన్న ప్రత్యేక నిర్మాణం మరే గింజల నూనెలోనూ అంత సమృద్ధిగా దొరకదు. ప్రపంచంలో ఆముదాలను అన్నిటికంటే ఎక్కువ పండించేది మన దేశమే, అందులో సింహభాగం గుజరాత్‌ది.

నేను పుట్టింది నల్లగొండ జిల్లాలో. వానకే ఆధారపడిన మా చెల్కల్లో ఒకప్పుడు ఆముదాలే పంట. మా నాయన బండి కింద ఒక వెదురు గొట్టం వేలాడేది. అందులో ఆముదం, కాల్చిన గడ్డి మసి కలిపిన కందెన. దూరప్రయాణానికి ముందు చీల ఊడదీసి, చక్రాన్ని జానెడు బయటికి లాగి, పుల్లతో ఇరుసుకు పూసేవాడు. ఆ చీకటి గొట్టంలోని నూనే, రసాయనశాలల గుండా తిరిగి తిరిగి, కొలరాడోలో నా చేతిలోని గన్నులోకి వచ్చింది. ఫోనులో నాయనకు ఈ ముచ్చట చెప్పాను.

"ఆముదం వాసన వస్తదారా?"

"రాదు నాయినా."

"అయితే అది ఆముదం గాదు. ఎవడో నిన్ను మోసం జేసిండు." కాసేపాగి, "సరె, కోడలు రాత్రిపూట బండి దీస్కపోతదా? ఇరుసు జూస్తున్నవా మరి?" అన్నాడు.

చూస్తున్నానని చెప్పాను. అంతకుమించి అడగలేదు.

నిప్పిల్ లేకుండా మూసివేసిన కీళ్ళు కూడా అమ్ముతారు. వాటి క్రాసులో గ్రీజు దారి కోసం రంధ్రం ఉండదు కాబట్టి అవి కొంచెం బలమైనవే. ఆ మాట నిజం. కాని లోపల ఏముందో చూసే వీలుండదు. కిచకిచమన్నాక ఆ జంట కీలును మార్పించినప్పుడు నేను నిప్పిళ్ళు ఉన్నవే ఎన్నుకున్నాను. బలం కంటే మళ్ళీ మళ్ళీ పలకరించే వీలు ఉండడం నాకు ముఖ్యం. ఇంజను నూనె మార్చిన ప్రతిసారీ, అంటే సుమారు ఐదు వేల మైళ్ళకు ఒకసారి, ఇవికాక లోతు నీళ్ళలో దిగిన రోజున, మొదటి మంచుకు ముందు ఒకసారి. ఐదు నిప్పిళ్ళు, ముప్పావు గంట.

ఈ పనికి ఫలితం అంటూ చూపించడానికి ఏమీ ఉండదు. బాగా చేస్తే జరిగేది ఏమిటంటే, ఏమీ జరగకపోవడం. రాత్రి రెండింటికి బండి బయలుదేరుతుంది, తెల్లవారి ఇంటికి వస్తుంది. అందులో చెప్పుకునే కథ లేదు. లోకంలో చాలా ఇళ్ళు, చాలా ఆసుపత్రులు, చాలా బండ్లు అలాంటి కథ లేని పనుల మీదే నడుస్తున్నాయి. వాటిని చేసేవాళ్ళ వేళ్ళకు మాత్రం కొంచెం నలుపు అంటుకుని ఉంటుంది, సబ్బుతో రెండుసార్లు కడిగినా పూర్తిగా పోదు.