బెంటన్‌విల్ నుంచి గన్నవరానికి ఎంత దూరం?

బెంటన్‌విల్ అనగానే మనవాళ్ళకు వాల్‌మార్టు గుర్తుకు వస్తుంది. 1950లో శామ్ వాల్టన్ తెరిచిన కొట్టు ఊరి నడిబొడ్డున మ్యూజియంగా ఉంది. వచ్చిన చుట్టాలకు అది చూపిస్తాము. వాళ్ళు అడిగేది మాత్రం ఒకటే: "ఇక్కణ్ణించి మన ఊరెంత దూరం?"

ఒకనాడు పిల్లల గ్లోబు తీసి దారంతో కొలిచాము. మా విమానాశ్రయం ఊరికి సుమారు పదిహేను మైళ్ళ దూరాన, హైఫిల్‌లో ఉంది, 1998లో తెరిచారు. అంతకు ముందు ఫయెట్‌విల్‌లోని డ్రేక్ ఫీల్డుకు పోయేవారు. దారం ఒక కొస హైఫిల్ మీద, రెండో కొస గన్నవరం మీద పెట్టాము. తూర్పుకు పోతుందనుకున్న దారం, బిగించి చూస్తే ఉత్తరానికి సాగి, ధ్రువం ప్రక్కగా దాటి, సైబీరియా, హిమాలయాల మీదుగా దిగింది. ఉత్తరం వైపు తల పెట్టి పడుకోవద్దని మమ్మల్ని పెంచారు. తీరా మన ఊరున్నది ఆ వైపే! సుమారు 14,100 కిలోమీటర్లు. గంటకు 900 చొప్పున పదహారు గంటల దారి.

ఆ దారిన విమానం లేదు సుమండీ. ఆ సంగతి ఒక నవంబరులో తెలిసి వచ్చింది.

రాత్రి తొమ్మిదింటికి అమ్మ ఫోను. అక్కడ ఉదయం ఎనిమిదిన్నర. నాన్నగారి మూతి ఒక ప్రక్కకు జారింది, మాట తడబడుతోంది, కుడి చెయ్యి లేవడం లేదు. మేమిద్దరం వైద్యులమే. ముందు అడిగింది ఒకటే: "చివరిసారి బాగా మాట్లాడింది ఎప్పుడమ్మా?" "ఏడున్నరకు కాఫీ ఇచ్చాను నాన్నా, పేపరు చదివి వినిపించారు."

మెదడు రక్తనాళంలో గడ్డ అడ్డుపడితే, దాన్ని కరిగించే మందు నాలుగున్నర గంటల లోపల ఇవ్వాలి. స్కానింగులో రక్తస్రావం లేదని తేలితేనే ఇస్తారు. ఒక గంట అప్పుడే గడిచిపోయింది. ప్రక్కింటి అబ్బాయి కారు తీశాడు. విజయవాడ ఆసుపత్రి చేరేసరికి తొమ్మిదిన్నర. పదిన్నరకు మందు ఎక్కించారు. అప్పటికి మేమింకా పెట్టె సర్దుతున్నాము.

తెల్లవారి మొదటి విమానం డాలస్‌కు, అంటే 280 మైళ్ళు వెనక్కు, నైరుతికి. అక్కడ సగం రోజు పడిగాపులు. పిదప దోహాకు పద్నాలుగు గంటల పైన, హైదరాబాదుకు నాలుగు, గన్నవరానికి ఒకటి. గాలిలో ఇరవై ఒక్క గంటలు. ఫోను మోగిన దగ్గర్నుంచి మంచం దగ్గరకు నలభై ఎనిమిది. నాన్నగారు దిండుకు ఆనుకుని ఇడ్లీ తింటున్నారు, ఎడమ చేత్తో. "అంత దూరం పడి ఎందుకొచ్చార్రా? అబ్బాయి ఉన్నాడుగా" అన్నారు.

నిజమే. మా దూరం పదహారు గంటలు కాదు, నలభై ఎనిమిదీ కాదు. ప్రక్కింటి గుమ్మం ఎంత దూరమో అంతే.

కనుక సభ్యులకు మా మనవి. ఈ వారం ఇంటికి ఫోను చేసినప్పుడు మూడు సంగతులు అడగండి: రాత్రివేళయినా కారు తీసేదెవరు? ఆ మందు, స్కానింగు యంత్రం ఉన్న ఆసుపత్రి ఏది? అక్కడికి ఎన్ని నిమిషాలు? జవాబులు అమ్మగారి ఫోను దగ్గర పెద్ద అక్షరాలతో వ్రాయించండి. టిక్కెట్టు సంగతి తర్వాత.