బైట్లలో తెలుగు

తెలుగు వికీపీడియా 2003లో మొదలైంది. జీతం ఆశించని చేతులే దాన్ని ఇంతవరకు పెంచుకొచ్చాయి. అలాంటివాళ్లు కలిసి కూర్చుని రాసిన ఒక ఎడిటథాన్‌కు నివేదిక ఇవ్వాల్సి వచ్చి, ప్రోగ్రామ్స్ అండ్ ఈవెంట్స్ డాష్‌బోర్డ్ నేర్చుకోవడం మొదలుపెట్టాను.

మొదలు, ముగింపు వేళలు ఇస్తే, చేరినవాళ్లు ఆ మధ్యలో చేసిన మార్పులు, కొత్త వ్యాసాలు అదే లెక్కగడుతుంది. వేళలు మాత్రం యూటీసీలో ఇవ్వాలి. మన గడియారం దానికంటే అయిదున్నర గంటలు ముందుంటుంది. ఆ తేడా సరిచూడకపోతే పొద్దున్నే వచ్చి రాసినవాళ్ల శ్రమ లెక్కకే రాదు.

ఆ డాష్‌బోర్డ్‌లో నన్ను ఎక్కువసేపు ఆపింది, చేర్చిన బైట్లు చూపే గడి. యూటీఎఫ్-8లో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు, తెలుగు గుర్తు ఒక్కోదానికి 3. ‘స్త్రీ’ కంటికి ఒక్క అక్షరమే. లోపల మూడు హల్లులు, రెండు పొల్లులు, ఒక గుడిదీర్ఘం: మొత్తం 18 బైట్లు. పోనీ పదాలు లెక్కిద్దామా అంటే, మన విభక్తులు పదంలోనే కలిసిపోతాయి. ఈసారి మన సంఖ్య తగ్గుతుంది. అందుకే మనవాళ్ల పనిని ఇంగ్లీషు వికీతో పోల్చి తూచడం నాకు ససేమిరా ఇష్టం లేదు. వ్యాసాలు తెరిచి, ఏ వాక్యానికి మూలం చూపారో నేనే చదువుతాను. ఎంత సేపు పట్టినా సరే, ఆ చదువు వాళ్లకు మనం బాకీ.

నెల గడిచాక కొత్తవాళ్ల రచనల జాబితాలు తెరిస్తే, ఇంకా ఎవరు రాస్తున్నారో కనిపిస్తుంది. నివేదిక మొదటి పేజీలో, మార్పుల సంఖ్యకంటే పైన, ఆ లెక్కే పెడుతున్నాను.