రైలు, విమానం – తోటి ప్రయాణికుని హక్కు

మేడ్చల్ వాసులకు రైలు కూత చిరపరిచితం. శామీర్‌పేట వాసులకు విమానాల ధ్వని చిరపరిచితం. సికింద్రాబాదు నుంచి నిజామాబాదు మీదుగా మన్మాడ్ వెళ్ళే మార్గం మేడ్చల్ గుండా సాగుతుంది. నిజాం పాలనలో, ఇరవయ్యో శతాబ్దపు ఆరంభంలో ఆ దారిన మీటర్ గేజ్ బండ్లు నడిచేవి. శామీర్‌పేటకు మాత్రం రైలు స్టేషను లేదు. రాజీవ్ రహదారి మీద తిరిగే బస్సులే ఆధారం. అయితే హకీంపేట వైమానిక దళ స్థావరం సమీపంలోనే ఉండటంచేత శిక్షణ విమానాలు ఆ పరిసరాల ఆకాశంలో తరచూ కనిపిస్తాయి. ఈ రెండు ఊళ్ళ పిల్లలకు మేము చాలాకాలంగా పాఠాలు చెబుతున్నాము. ఒకప్పుడు ఇక్కడి కుటుంబాలలో ప్రయాణమనగానే “ఏ బండికి?” అని అడిగేవారు. ఇప్పుడు “రైలా, విమానమా?” అని అడుగుతున్నారు. ప్రశ్న చిన్నదే. కానీ ఇంటి పెద్దల సౌఖ్యం, పిల్లల శిక్షణ, కష్టార్జితం ఖర్చయ్యే తీరు దానిలో ఇమిడి ఉన్నాయి.

ముందుగా కాలం లెక్క చూద్దాము. హైదరాబాదు నుంచి ఢిల్లీకి విమానం దాదాపు రెండుంబావు గంటల్లో చేరుతుంది. తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌కు దాదాపు 26 గంటలు పడుతుంది. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెడితే తీర్పు క్షణంలో వెలువడుతుంది. అయితే ప్రయాణం మన ఇంటి గడప దగ్గర మొదలై, అవతలి ఇంటి గడప దగ్గర ముగుస్తుంది. 2008 మార్చి వరకు విమానాశ్రయం బేగంపేటలో ఉండేది. ఆ తర్వాత ప్రయాణికుల విమానాలు శంషాబాదుకు తరలిపోయాయి. మనము నగరానికి ఉత్తరపు అంచున, శంషాబాదు దక్షిణపు అంచున. ఔటర్ రింగు రోడ్డు మీద మేడ్చల్ నుంచి దూరం తక్కువేమీ కాదు. ఆ దూరం, రెండు గంటల ముందుగా అక్కడ ఉండవలసిన అవసరం, దిగిన తర్వాత సామాను కోసం నిరీక్షణ, ఢిల్లీ రోడ్ల రద్దీ అన్నీ కలిపితే రెండుంబావు గంటలు కాస్తా ఏడెనిమిది గంటలవుతాయి. అక్కడి నుంచి మరో 150 కిలోమీటర్ల దూరాన ఉన్న దేవబంద్‌కు వెళ్ళే విద్యార్థికి పూర్తి పగలు గడిచిపోతుంది.

అయినా ఒక పగలుకూ, ఒకటిన్నర రోజుకూ మధ్య తేడా తక్కువేమీ కాదు. దగ్గరి ఊళ్ళ విషయంలో లెక్క తారుమారవుతుంది. విజయవాడకు వెళ్ళవలసినవారు శంషాబాదు చేరి, తనిఖీలు ముగించుకొని, విమానమెక్కి, గన్నవరంలో దిగి మళ్ళీ ఊళ్ళోకి వెళ్ళేసరికి, సికింద్రాబాదులో రైలెక్కినవారు కూడా ఇంచుమించు ఆ వేళకే చేరుకుంటారు. పైగా 2023 ఏప్రిల్ నుంచి ఎం.ఎం.టి.ఎస్. రైళ్ళు మేడ్చల్ వరకు వస్తున్నాయి. గుండ్లపోచంపల్లి, బొల్లారం, అల్వాల్, మల్కాజిగిరి మీదుగా సికింద్రాబాదుకు 28 కిలోమీటర్లు. బండ్లు రోజుకు కొన్నే కాబట్టి వేళ చూసుకొని బయలుదేరాలి.

ఖర్చు లెక్క కుటుంబం పెద్దదయ్యే కొద్దీ బరువెక్కుతుంది. రైలులో అయిదేళ్ళ లోపు పిల్లలకు విడిగా బెర్తు కోరకుంటే టిక్కెట్టు అక్కరలేదు. విమానంలో రెండేళ్ళు నిండిన బిడ్డకు సీటు కొనవలసిందే. స్లీపరు తరగతిలో మనిషికి 40 కిలోల సామాను ఉచితం. దేశీయ విమానాలలో సాధారణంగా 15 కిలోల పెట్టె, 7 కిలోల చేతి సంచి. కూతురి ఇంటికి వెళ్ళే తల్లి కట్టే మూటలకు ఆ కొలత ఏమాత్రం సరిపోదు. విమాన ఛార్జీలు పండుగలకు, సెలవులకు ఎగబాకుతాయి. మరోవైపు రైలులో వృద్ధులకు లభించిన రాయితీ 2020 మార్చిలో కోవిడ్ వేళ ఆగిపోయింది. ఆ తర్వాతి సంవత్సరాలలోనూ తిరిగి రాలేదు. మన కుటుంబాలకు మరొక చిక్కు ఉంది. ఆధార్ కార్డులో “ఎం.డి.” అని, పాస్‌పోర్టులో “మొహమ్మద్” అని, టిక్కెట్టులో ఇంకొక విధంగా పేరు ఉంటే విమానాశ్రయపు ద్వారం దగ్గరే ఆందోళన మొదలవుతుంది. టిక్కెట్టు కొనేటప్పుడే గుర్తింపు కార్డును ముందుంచుకొని ప్రతి అక్షరమూ సరిచూసుకోవాలి.

ఇక విమానం చేసే మేలును నిండు మనసుతో చెప్పాలి. ఖననంలో జాప్యం చేయరాదని ధర్మం బోధిస్తుంది. మా చిన్నతనంలో దూరదేశాన ఉన్న కొడుకుకు టెలిగ్రాము అందేసరికే ఇక్కడ సమాధి మీద మట్టి ఆరిపోయేది. ఇప్పుడు రాత్రి కబురందిన కొడుకు మరునాడు అస్ర్ వేళకు చేరి, తండ్రి జనాజాకు భుజం పట్టగలుగుతున్నాడు. తల్లి ఆసుపత్రిలో ఉన్నదని తెలిసి గల్ఫ్ నుంచి వచ్చి ఆమె చేయి పట్టుకోగలుగుతున్నాడు. ఈ భాగ్యానికి వెల కట్టలేము. మోకాళ్ళ నొప్పులున్న వృద్ధులకు కూడా విమానమే సులభం కావచ్చును. ముందుగా కోరితే చక్రాల కుర్చీలో విమానం ద్వారం దాకా తీసుకువెళతారు. రైల్వే స్టేషనులో ప్లాట్‌ఫారం చివరి నిమిషంలో మారితే, వంతెన మెట్లెక్కి దిగడం వారికి ఎంత యాతనో చూసినవారికే తెలుసు.

కొందరు యువకులు మమ్మల్ని ఇలా అడుగుతుంటారు: “మౌలానా సాబ్! విమానంలో కష్టమే లేదు కదా, ఖస్ర్ నమాజు ఎందుకు?” ప్రశ్న మంచిదే. మూడు రోజుల నడక దూరాన్ని మా హనఫీ పండితులు 48 మైళ్ళుగా, అంటే దాదాపు 77 కిలోమీటర్లుగా లెక్కగట్టారు. నింగిలో స్థిరపడిన విమానం ఆ దూరాన్ని అయిదారు నిమిషాల్లో దాటుతుంది. అయినప్పటికీ సడలింపు నిలిచే ఉంటుంది. ఎందుకంటే ఆదేశానికి ఆధారం ప్రయాణమే. కష్టం దాని వెనుకనున్న వివేకం మాత్రమే. కష్టాన్ని కొలిచే తూనికరాయి మన దగ్గర లేదు. సుఖంగా వెళ్ళినవానికి కూడా అల్లాహ్ తన కారుణ్యాన్ని తగ్గించలేదు. కాబట్టి విమానమెక్కినవాని భక్తి తక్కువనీ, రైలులో నలిగినవాని భక్తి ఎక్కువనీ తలచే అధికారం మనకు లేదు. ప్రయాణం యాతనలో ఒక భాగమనీ, పని ముగియగానే త్వరగా ఇల్లు చేరుకోవాలనీ మహాప్రవక్త (స) బోధించారు. త్వరగా చేరడంలో తప్పేమీ లేదు.

వాహనాలు మారుతూనే ఉంటాయి. దివ్యఖుర్ఆన్‌లోని నహ్ల్ సూరా గుర్రాలను, కంచర గాడిదలను, గాడిదలను పేర్కొన్న వెంటనే, మానవులు ఎరుగని వాటిని కూడా అల్లాహ్ సృష్టిస్తాడని తెలుపుతుంది. మన పెద్దలు హజ్‌కు రైలులో ముంబయి చేరి, అక్కడ ఓడ ఎక్కేవారు. ఆ ఓడ ప్రయాణాలు 1995తో ముగిశాయి. ఇప్పుడు అందరూ విమానంలోనే వెళుతున్నారు. అక్కడ దిగిన తర్వాత మళ్ళీ రైలు ఎదురవుతుంది! డమాస్కస్ నుంచి మదీనాకు 1908లో చేరిన హిజాజ్ రైలుమార్గానికి భారతీయ ముస్లిములు కూడా విరాళాలిచ్చారు. 2018లో ప్రారంభమైన హరమైన్ రైలు మక్కా, మదీనాల మధ్య 450 కిలోమీటర్ల మార్గంలో, గంటకు 300 కిలోమీటర్ల వేగాన్ని అందుకుంటూ సాగుతుంది. కాబట్టి రైలు పాతదనీ, విమానం కొత్తదనీ గీత గీయలేము.

మరి ఈ రెండింటి మధ్య అసలైన తేడా ఏది? మా దృష్టిలో అది పక్కన కూర్చున్న మనిషి. నిసా సూరా 36వ ఆయతులో తల్లిదండ్రులు, బంధువులు, అనాథలు, నిరుపేదలు, ఇరుగుపొరుగువారితో పాటు “పక్కనున్న సహచరుడు” కూడా మన సద్వర్తనకు హక్కుదారుగా పేర్కొనబడ్డాడు. వ్యాఖ్యాతలలో పలువురు ఇందులో ప్రయాణంలోని తోడును కూడా చేర్చారు. విమానంలో ఆ సహచరుడు రెండు గంటలుంటాడు. చెవులకు ఇయర్‌ఫోన్లు తగిలించుకొని కళ్ళు మూసుకుంటాడు. రైలులో ఒక రాత్రి, ఒక పగలు ఉంటాడు. అతని దగ్గును, ఆకలిని, నిద్రను మనము భరిస్తాము. మన వాటిని అతడు భరిస్తాడు.

మేము విద్యార్థి దశలో ఉత్తరాదికి వెళ్ళేటప్పుడు బండి ఇటార్సీ దాటిన తర్వాత అయిదు గంటలు నిలిచిపోయింది. మా దగ్గర ఖర్జూరాలు తప్ప ఏమీ మిగలలేదు. ఎదుటి సీటులోని మరాఠీ కుటుంబం జొన్న రొట్టెలు, పల్లీల పొడి మా ముందుంచింది. మేము ఖర్జూరాలు వారి పిల్లల చేతిలో పెట్టాము. ఆ పెట్టెలోనే మథురకు వెళుతున్న ఒక వృద్ధుడు, మేము తెల్లవారుజామున నమాజుకు లేవాలని మాట్లాడుకోవడం విన్నాడు. ఇంకా చీకటి ఉండగానే మా పాదం తట్టి లేపి, “బాబూ, నీ ప్రార్థన వేళయింది” అన్నాడు. మదరసాలో ఎన్నో గ్రంథాలు చదివాము. పక్కనున్న సహచరుని గురించిన ఆ ఆయతుకు వ్యాఖ్యానాన్ని మాత్రం ఆ వృద్ధుని చేతి స్పర్శలో చదువుకున్నాము.

హక్కు రెండు వైపులా ఉంటుంది. రైలులో నిలబడగలిగినవారు నిలబడే నమాజు చేయాలి, బండి మలుపు తిరిగితే తామూ ఖిబ్లా వైపు తిరగాలి. అయితే దారికి అడ్డంగా పంక్తులు తీర్చి, మరుగుదొడ్డికి వెళ్ళే వృద్ధురాలిని నిలబెట్టడం ధర్మసమ్మతం కాదు. ఇద్దరిద్దరుగా, తమ సీట్ల మధ్యన, పక్కవారిని మృదువుగా అడిగి చేసుకోవచ్చును. విమానంలో వుజూ చేసి మరుగుదొడ్డి నేలంతా తడిపి రావడం కూడా ఇటువంటిదే. విమానాశ్రయంలోనే వుజూ చేసుకొని ఎక్కడం మేలు. ఫోనులో బిగ్గరగా ప్రసంగం పెట్టడం, అది ధార్మిక ప్రసంగమే అయినా, నిద్రపోయేవానికి బాధే. ఉపవాసంతో పడమటికి ఎగిరేవారు మరొకటి గుర్తుంచుకోవాలి: కింద నేల మీద చీకటిపడినా, తమ కిటికీలో సూర్యుడు కనిపిస్తున్నంతవరకు ఇఫ్తార్ వేళ కాలేదు.

మా బస్తీలో ఒక ఇంట ఇటీవల వాదన జరిగింది. ఢిల్లీలోని కూతురి దగ్గరకు తల్లిని విమానంలో పంపుదామని ఇద్దరు కొడుకులు నిశ్చయించారు. ఆమె మాత్రం రైలే కావాలన్నది. ఖర్చుకు జంకుతున్నదని వారు భావించారు. ఆమె ఇలా అన్నది: “విమానమైతే మీరు నన్ను ఎక్కించి వెళ్ళిపోతారు బేటా. రైలైతే మీలో ఒకరు నా పక్కన కూర్చుంటారు.” కొడుకులిద్దరూ మాట్లాడలేకపోయారు. చివరకు పెద్దవాడు రెండు రోజుల సెలవు తీసుకున్నాడు. ఆమెకు కింది బెర్తు దొరికింది. తిరుగు ప్రయాణంలో నొప్పులు ఎక్కువైనందున విమానంలోనే తీసుకువచ్చారు. ఆ తల్లికి రెండూ మేలే చేశాయి.

ప్రియ పాఠకులారా! టిక్కెట్టు కొనే ముందు ఇంట్లో అందరూ కూర్చొని మూడు ప్రశ్నలు వేసుకోవలసిందిగా మా మనవి. అవతల మన కోసం ఎదురుచూసేవారికి జాప్యం భరించే శక్తి ఉన్నదా? మన వెంట వచ్చేవారికి శరీర సౌఖ్యం ముఖ్యమా, మన సాంగత్యం ముఖ్యమా? ఈ ఖర్చు మన సంపాదనలోనిదా, లేక బంధువుల ముందు గొప్ప కోసం చేసే అప్పా? జనాజాకు, అనారోగ్యానికి, దుర్బలులకు విమానం ఎంచుకోండి. స్తోమత లేని బంధువుకు అటువంటి వేళ టిక్కెట్టు కొనివ్వండి. సెలవుల్లో పిల్లలతో వెళ్ళేటప్పుడు ఒక్కసారైనా రైలెక్కించండి. అన్నం పంచుకోవడం, కిటికీ పక్క సీటు వదులుకోవడం, పరాయివారి నిద్రను గౌరవించడం వారు అక్కడ నేర్చుకుంటారు. దేనిలో ఎక్కినా ప్రయాణపు దుఆ మరువవద్దు. ప్రయాణికుని వేడుకోలు తిరస్కరించబడదని మనకు బోధించబడింది. ఆ వేడుకోలులో పక్క సీటులోని అపరిచితునికి కూడా చోటివ్వండి.