నొప్పి ఎక్కడమ్మా?

"ఒంట్లో నొప్పులేమైనా ఉన్నాయా?" అని అడిగితే మన పనివాళ్ళలో చాలామంది "అబ్బే, ఏం లేవండి" అనేస్తారు. ఉన్నాయంటే రేపు పనిలోకి రానివ్వరేమోనన్న భయం కొంత, నొప్పి లేని పనెక్కడుంటుందిలే అన్న సర్దుబాటు కొంత. 1987లో నార్డిక్ దేశాల పరిశోధకులు తయారుచేసిన ప్రశ్నపత్రం నాకు నచ్చింది అందుకే. అందులో మనిషి బొమ్మ గీసి, మెడ నుంచి పాదాల దాకా తొమ్మిది చోట్లు గుర్తుపెట్టారు. గడిచిన 12 నెలల్లో ఇక్కడ బాధపెట్టిందా? దానివల్ల పని ఆగిందా? పోనీ, ఈ 7 రోజుల్లో? అలా చోటు చూపించి అడిగితే మనిషి దాచుకోలేడు.

కొల్లేటి చుట్టుపక్కల రొయ్యల ప్లాంటునే తీసుకోండి. తలలు తీసే సెక్షన్లో ఆడవాళ్ళు తడి నేల మీద గమ్‌బూట్లతో నిలబడే ఉంటారు. ఐసు నీళ్ళలో నాని వేళ్ళ కొసలు తెల్లగా ముడతలు పడతాయి, బొటనవేలు మాత్రం రొయ్య తల దగ్గర ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. వాళ్ళ బొమ్మలో మణికట్టు, మోకాళ్ళు, మడమలు. పెట్టెలు మోసే ప్యాకింగ్ వాళ్ళకి నడుం. మేడమీద కంప్యూటర్ ముందు లెక్కలు చూసే అమ్మాయికి మెడ. కంపెనీ ఒకటే, జీతాల రోజూ ఒకటే, నొప్పి మాత్రం డిపార్ట్‌మెంటుకొక చోట. అందరినీ కలిపి సగటు తీస్తే ఎవరి బాధా కనపడదు. నిలబడి పనిచేసేవాళ్ళకి వీలు దొరికినప్పుడు కూర్చోడానికి ఏర్పాటుండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షన్లోనే రాశారు. ఒక స్టూలు వేయించడానికి సర్వే దాకా వెళ్ళాలా అనిపిస్తుంది.

నన్ను ఎక్కువ బాధపెట్టేది మరొకటి. తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్లో బస్తా మోసే హమాలీది ఏ డిపార్ట్‌మెంటు? చెరువు గట్టున తెల్లారకముందే పట్టుబడికి దిగి, చేపలూ ఐసూ నింపిన ట్రేలు లారీకెత్తే ముఠాది ఏ కంపెనీ? హాజరు పట్టీలో పేరుంటేనే కదా ప్రశ్నపత్రం చేతికొచ్చేది! భుజాలూ నడుమూ అందరికంటే ముందు అరిగిపోయేవాళ్ళే ఈ లెక్కలో లేరు.

సర్వే చేయించే మేనేజర్లకి నా మనవి ఒకటే. కాంట్రాక్టు వాళ్ళనీ, ముఠా వాళ్ళనీ కూడా పిలవండి. చదవడం రానివాళ్ళకి ప్రశ్నలు చదివి వినిపించండి. పేరు మాత్రం రాయించకండి.