కిడ్నీలో రాయికి కంచమా, విస్తరాకా?

మొన్నొక సాయంత్రం రిటైరైన లెక్కల మాస్టారొకరు భార్యను వెంటబెట్టుకుని మా క్లినిక్కుకి వచ్చారు. ఆవిడ కుడి కిడ్నీలో రాయి ఉంది. లేజరుతో పగలగొట్టి తీయాలని వేరే ఆస్పత్రిలో చెప్పి, ఖర్చుల చీటీ ఇచ్చారట. అందులో ఒక పద్దు కింద మాస్టారు ఎర్రసిరాతో గీత గీసి ఉంచారు. 'డిస్పోజబుల్ స్కోపు' అని ఉందక్కడ.

"ఒక్కసారి వాడి పారేసే వస్తువుకి ఇన్ని వేలా డాక్టరు గారూ? కడిగి మళ్ళీ వాడేది లేదా?" అన్నారాయన.

న్యాయమైన ప్రశ్నే. ఇది చాలామందికి పనికొచ్చే సంగతి గనుక ఇక్కడ రాస్తున్నాను.

ఈ స్కోపు సుమారు మూడు మిల్లీమీటర్ల లావుండే, వంగే గొట్టం. మూత్రద్వారం గుండా మూత్రాశయంలోకి, అక్కణ్ణించి సన్నటి నాళం వెంట కిడ్నీలోకి వెళుతుంది. కొసన కెమెరా, లోపల లేజరు తీగ పోయే సందు ఉంటాయి. రాయి కిడ్నీ అడుగు భాగంలో ఉంటే గొట్టాన్ని బాగా వంచాలి. వంచినకొద్దీ అది అరుగుతుంది. లేజరు పొరపాటున గొట్టం లోపలే వెలిగితే చిల్లు పడ్డట్టే.

కడిగి వాడే స్కోపు ఖరీదు లక్షల్లో ఉంటుంది. మాస్టారికి కాగితం మీద లెక్క వేసి చూపించాను. స్కోపు పది లక్షలనుకుందాం, పాతిక కేసులకొక రిపేరు, రిపేరుకి రెండున్నర లక్షలు. నూరు కేసులకి మొత్తం ఇరవై లక్షలు, అంటే కేసుకి ఇరవై వేలు. కడగడానికయ్యే ఖర్చు అదనం. అదే ఆస్పత్రికి ఇరవై కేసులే వస్తే, కొన్న ధరే కేసుకి యాభై వేలు పడుతుంది. ఇవి ఊహకి వేసిన అంకెలు. కాని 2017లో అమెరికాలో ఒక ఆస్పత్రి తన ఖర్చులన్నీ కలిపి చూసుకుంటే, 99 కేసులు దాటాకనే కడిగి వాడేది లాభమని తేలింది.

అంతవరకూ మాట్లాడని ఆవిడ నవ్వి, "రోజూ వందమందికి పెట్టే హోటలువాడికి కంచాలు గిట్టుతాయి. ఏడాదికోసారి సంతర్పణ చేసేవాళ్ళకి విస్తరాకులే నయం. అంతేగదండీ?" అన్నారు.

అంతే. అయితే కంచం సరిగా తోమి ఉండాలి. 2021 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వ ఔషధ నియంత్రణ సంస్థ, మూత్రకోశ పరీక్షల స్కోపులు సరిగా శుభ్రం కాకపోతే రోగులకి ఇన్ఫెక్షను రావచ్చని డాక్టర్లను హెచ్చరించింది.

బిల్లులోకి ఎక్కని ఖర్చు ఇంకొకటుంది. కొన్నేళ్ళ క్రితం నేను ఆపరేషను చేస్తుండగా పాత స్కోపులో బొమ్మ ఆరిపోయింది. మారు స్కోపు లేదు. స్టెంటు పెట్టి బయటికి వచ్చేశాను. ఆ కుర్రాడికి మళ్ళీ మత్తు, మళ్ళీ సెలవు. వాళ్ళమ్మగారికి సంజాయిషీ చెప్పిన రోజు నాకింకా గుర్తే. మారు స్కోపు దగ్గరుంచుకోకుండా ఆ తర్వాత నేను మొదలుపెట్టలేదు.

కాబట్టి ఆపరేషనుకి ముందు మొహమాటపడకుండా నాలుగు మాటలు అడగండి. ఒకటి, ఈ రాయికి వంగే స్కోపే అవసరమా? నాళం కింది భాగంలో ఉన్న రాయికి చాలాసార్లు వంగని స్కోపు సరిపోతుంది. అది ఎక్కువకాలం మన్నుతుంది కూడా. అయిదు మిల్లీమీటర్లలోపు రాళ్ళు చాలావరకు వాటంతటవే పడిపోతాయి. రెండు, కడిగి వాడేదైతే ఎలా శుద్ధి చేస్తారు, మధ్యలో చెడితే మారు స్కోపుందా? మూడు, పారేసేదైతే సీలు విప్పని పాకెట్టు ముందుగా చూపిస్తారా? ఒకసారి వాడవలసినదాన్ని కడిగి ఇంకొకరికి వాడితే, డబ్బు కొత్తదానికిచ్చి ప్రమాదం పాతది కొనుక్కున్నట్టు. నాలుగు, మూత్రం కల్చరు పరీక్ష చేయించారా?

ఏ స్కోపు వాడినా సరే, ఆపరేషను తర్వాత చలితో జ్వరం వస్తే ఇంట్లో మాత్రలతో సరిపెట్టకండి. ఆ పూటే ఆస్పత్రికి వెళ్ళండి.

మాస్టారి భార్యకి ఆపరేషను బాగానే జరిగింది. ఆ ఆస్పత్రికి కేసులు తక్కువ, అందుకే పారేసే రకం. పాకెట్టు ముందే చూపించారట. ఇక ఆవిడ చేయవలసిందల్లా రోజుకి రెండున్నర లీటర్ల మూత్రం వచ్చేటట్టు మంచినీళ్ళు తాగడం. గుండె జబ్బూ, కిడ్నీ బలహీనతా ఉన్నవాళ్ళు మాత్రం ఎన్ని నీళ్ళు తాగాలో తమ డాక్టరునడగాలి. తక్కినవారికి ఇంతకన్నా చవకైన వైద్యం లేదు.