కుట్టు పట్టేదాకా

నేను సర్జరీలో పీజీ చేస్తున్న రోజుల్లో, కోస్తాలోని మా ప్రభుత్వాసుపత్రికి ఒక అర్ధరాత్రి రైసుమిల్లు ముఠా కూలీని మోసుకొచ్చారు. బక్కపలచటి మనిషి, బీడీల దగ్గు. కడుపు బల్లచెక్కలా బిగుసుకుపోయి ఉంది. చిన్నపేగు మొదట్లో పుండుపడి చిల్లి పడింది.

చేసింది రాస్కో గ్రాహమ్ పద్ధతే. టొరంటో సర్జన్ ఆయన, 1937లో చెప్పాడు. పేగుల ముందు వేలాడే కొవ్వుపొరను తెచ్చి చిల్లి మీద పరిచి, కుట్లతో అదిమి కట్టాలి. ఆ పొరే అతుక్కుని చిల్లిని మూసేస్తుంది. పొట్ట మూసేటప్పుడు మా ప్రొఫెసర్ గారు నైలాన్ దారాన్ని కోత పక్కన మడతలు పెట్టి కొలిపించేవారు. కోత పొడవుకి నాలుగింతల దారమైనా పట్టాలి. 1976లో జెంకిన్స్ అనే సర్జన్ చెప్పిన లెక్క అది. అంతకంటే తక్కువ పట్టిందంటే కుట్లు ఎడంగానో, అంచుకి మరీ దగ్గరగానో పడ్డాయన్నమాట. ఆపరేషన్ తర్వాత పొట్ట ఉబ్బుతుంది, కోత సాగుతుంది. దారానికి సాగే వీలు లేకపోతే అది కండనే కోసేస్తుంది.

ఇక్కడిదాకా మా చేతిలో పని. అతను నోటితో తినడం మొదలుపెట్టాక పథ్యం మొదలైంది. పప్పు తింటే చీము పడుతుందని పప్పు లేదు. గుడ్డు వేడి చేస్తుందని గుడ్డు లేదు. బ్రెడ్డు, బార్లీ నీళ్ళు, మహా అయితే ఇడ్లీ ముక్క. మా వార్డులో ఏ మంచం దగ్గర చూసినా ఇదే వరస.

వారం తిరిగేసరికి ఒక ఉదయం కట్టు తడిసింది. లేత ఎరుపు నీరు. హెడ్ నర్సు చూడగానే, “సార్, లోపలి కుట్టు వదిలినట్టుంది” అంది. పైన చర్మం కుట్లు చెక్కుచెదరలేదు. అతను ఒక్కసారి దగ్గాడు. చర్మం విచ్చుకుని పేగు మడత బయటికొచ్చింది. నొప్పని అరవలేదు, మమ్మల్నే చూస్తూ ఉండిపోయాడు. సెలైన్‌లో తడిపిన టవళ్ళు కప్పి థియేటర్‌కి పరుగెత్తించాం.

మళ్ళీ కుట్టినప్పుడు అన్ని పొరల్నీ కలిపి లావు నైలాన్‌తో టెన్షన్ కుట్లు వేశాం. దారం చర్మాన్ని కోయకుండా సెలైన్ సెట్టు ట్యూబుని ముక్కలు కోసి ఒక్కో కుట్టుకీ తొడిగాం. దగ్గొస్తే దిండు పొట్టకి అదుముకోమని నేర్పాం.

మొదటి వారం గాయానికి సొంత బలం దాదాపు ఉండదు, బరువంతా దారం మీదే. తొలి రోజులు లోపల శుభ్రం చేసుకోవడానికే సరిపోతాయి. ఆ తర్వాతే కొల్లాజెన్ పోగులు పడతాయి. వాటికి మాంసకృత్తులు కావాలి, సి విటమిన్ కావాలి. అతని కుట్లు పిగలడానికి దగ్గు, లోపలి చీము, పొట్ట ఉబ్బు అన్నీ కారణాలే. కానీ ఆ మనిషి ఒంట్లో అంతకు ముందునుంచే ఏమీ లేదు. ఉన్న కాస్తా పథ్యం తినేసింది. ఈ మాట నేను ఈనాటికీ గట్టిగానే అంటాను.

టెన్షన్ కుట్ల మధ్య చర్మాన్ని వెంటనే మూయకుండా వదిలేశాం. హెడ్ నర్సు కట్టు మార్చేటప్పుడు అతని తల్లిని పక్కన నిలబెట్టుకునేది. “చూడమ్మా, ఎర్రగా గింజలు గింజలుగా ఉంది చూశావా, ఇది కొత్త కండ. నీ కొడుకు తిన్నదాంతోనే ఇది పూడాలి. పప్పు పెట్టకపోతే దేంతో పూడుతుంది?” ముసలామె వంగి చాలాసేపు చూసింది. “చీము కాదు గదమ్మా?” అని మళ్ళీ మళ్ళీ అడిగింది. మర్నాటి క్యారేజీలో ముద్దపప్పు వచ్చింది, తర్వాత గుడ్డూ వచ్చింది. గాయం పూడింది.

మూడు నెలలు బరువులెత్తొద్దని చీటీ మీద రాసిచ్చాం. మానిన మచ్చ ఎన్నాళ్ళకైనా మొదటి కండ బలంలో ఎనభై శాతానికి మించదు, అదీ నెలల మీద. కూలీకి నెలలెక్కడివి? ఇల్లు గడవక ముందే బస్తా భుజానికెత్తాడు. ఏడాది తర్వాత మచ్చ కింద ఉబ్బుతో వచ్చాడు. హెర్నియా. ఈసారి పాలీప్రొపిలిన్ మెష్ వేశాం. దాని కన్నాల్లోంచి కండ పెరిగి పట్టుకుంటుంది కాబట్టి అంచుల్ని లాగి బిగించే పని తగ్గుతుంది. మెష్ బయట కొనాల్సి వచ్చింది. ముఠా వాళ్ళంతా చందాలు వేసుకున్నారు.

డిశ్చార్జికి ముందు ప్రొఫెసర్ గారు ముఠా మేస్త్రీని పిలిపించి, “వీడి చేత మూడు నెలలు బస్తా ఎత్తించకు” అన్నారు. మేస్త్రీ కాసేపు ఆలోచించి, “కాటా దగ్గర లెక్క రాయిస్తానండీ, కూలి మాత్రం సగమే ఇవ్వగలను” అన్నాడు. అతను సరేనన్నాడు.